కదిలే బొమ్మలు – కరిగే రీళ్లు

కళలను పెద్దలకు తగినవనీ, పిల్లలకు తగినవనీ రెండు వాటాలుగా పంచి, ఆ రెండవ వాటాను చులకన చేయడం మన సమాజంలో చాలాకాలంగా పాతుకొనిపోయిన అలవాటు. కార్టూన్ చిత్రమనగానే పెదవి విరిచే విజ్ఞులు మనలో కొందరున్నారు. అన్నం తిననని మారాం చేసే పసివానిని మరిపించడానికి తప్ప అది మరెందుకూ కొరగాదని వారి తీర్పు. బొమ్మ కదలడంలో ఏమున్నది, నవ్వి మరచిపోవడమే గదా అని వారంటారు. ఈ తీర్పుతో నేను ఏకీభవించలేను. పాతకాలపు కార్టూన్ లఘుచిత్రాలు సేకరించదగినవి, భద్రపరచదగినవి అని నా దృఢాభిప్రాయం. అయితే ధనవంతుల అద్దాల బీరువాలలో బంధించడానికి కాదు. పదిమంది ఎదుట మళ్లీ మళ్లీ ప్రదర్శించడానికి.

ముందుగా ఆ చిత్రం వెనుకనున్న శ్రమను గుర్తించాలి. తెరపై ఒక్క క్షణం గడవడానికి 24 ఫ్రేములు పరుగెత్తాలి. ఒక్కొక్క బొమ్మను రెండేసి ఫ్రేములకు వాడుకొన్నప్పటికీ క్షణానికి 12 బొమ్మలు, నిమిషానికి 720 బొమ్మలు కావాలి. వెయ్యి అడుగుల రీలు ఒకటి సుమారు 11 నిమిషాలు ఆడుతుంది. అంతసేపు నవ్వించడానికి దాదాపు ఎనిమిది వేల బొమ్మలను చేత్తో గీసి, పారదర్శకమైన సెల్యులాయిడ్ రేకులపైకి ఎత్తి, వెనుకవైపు రంగులు నింపి, ఒక్కొక్కదానినే కెమెరా కింద పరచి ఫోటో తీయాలి. మనం ఒక్క నవ్వుతో దాటిపోయే కుందేలు గంతు వెనుక ఒక చిత్రకారుని రోజంతా కరిగి ఉండవచ్చు. ఆ చిత్రాల ఆకర్షణకు మూలం ఇదే. యంత్రం గీసిన గీతకు వణుకు ఉండదు. చేతి గీతకు ఉంటుంది. ఆ స్వల్పమైన వణుకులో మనిషి ఊపిరి వినబడుతుంది.

ఇది పడమటి దేశాల సరుకు, మనకు పరాయిది అనుకోవడం మరొక పొరపాటు. దీపం ముందు తోలుబొమ్మను నిలిపి, తెల్లని తెరపై రామరావణ యుద్ధం నడిపించిన నేల మనది. మేకతోలును కాంతి దూరేటంత పలుచగా శుభ్రపరచి, రంగులద్ది, నగలున్న చోటనల్లా సన్నని రంధ్రాలు పొడిచి, భుజం దగ్గర, మోచేతి దగ్గర, నడుము దగ్గర కీళ్లు కుట్టి, ఆ బొమ్మకు నడక నేర్పారు. గంభీరమైన కథ మధ్యలో జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చి వేసే అల్లరి వేషాలు నేటి కార్టూన్ చిత్రాల హాస్యానికి అచ్చంగా పూర్వరూపాలే. ధర్మవరం సమీపంలోని నిమ్మలకుంట నేటికీ ఈ విద్యకు కాణాచి. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ లభించింది. రాయలసీమ తోలుబొమ్మలాట కుటుంబాలలో పలువురు ఇంట్లో మరాఠీ మాండలికం మాట్లాడుతూ, తెర ముందు తెలుగులో రాగాలు తీసేవారే. కళకు ఇంటి భాష ఒకటి, రంగస్థల భాష మరొకటి కావడంలో విరోధమేమీ లేదని వారు చాటి చెప్పారు.

మనకు కూతవేటు దూరంలోని శ్రీకాళహస్తిని చూడండి. అక్కడి కలంకారీ వస్త్రంపై రామాయణం గడులు గడులుగా సాగుతుంది. ఒక గడిలో విల్లు ఎత్తిన రాముడు పక్క గడిలో దానిని విరుస్తాడు. ఈనాడు కార్టూన్ చిత్రాన్ని మొదలుపెట్టే ముందు దర్శకుడు గోడకు తగిలించుకొనే గడుల పటం దీనికంటె భిన్నమైనది కాదు. పైగా ‘కలం’, ‘కారీ’ రెండూ పారశీకం నుండి వచ్చిన మాటలు. పురాణం సంస్కృతానిది, పద్యం తెలుగుది, పనికి పెట్టిన పేరు పారశీకానిది. ఒకవైపు నుండి తెరిస్తే ఉర్దూ, మరొకవైపు నుండి తెరిస్తే తెలుగు అయ్యే మన సంచికకు ఇంతకంటె దగ్గరి చుట్టమేది?

ఈ చుట్టరికం సముద్రాలు కూడా దాటింది. జర్మనీ దేశపు లోట్టె రైనిగర్ అనే మహిళ నల్లని అట్టను కత్తెరతో కత్తిరించి, కీళ్లకు తీగ బిగించి, వెలుగుతున్న గాజుపలక మీద పరచి ఫ్రేము తరువాత ఫ్రేముగా చిత్రించేవారు. తన విద్యకు మూలం తూర్పు దేశాల నీడబొమ్మలాటలోనే ఉన్నదని గుర్తించిన కళాకారిణి ఆమె. 1926లో వెలువడిన ఆమె ప్రసిద్ధ చిత్రం ‘ప్రిన్స్ అహ్మద్ సాహసాలు’. అందులోని అహ్మద్ రాజకుమారుడు, పరీబాను, అల్లావుద్దీన్ దీపం మన ఉర్దూ విద్యార్థులకు అమ్మమ్మల నోట చిన్ననాడే పరిచయమైనవి. అది పూర్తి నిడివి చిత్రమే గాని, ఆమె అంతకుముందూ ఆ తరువాతా చేసినవి అనేకం చిట్టి చిత్రాలే. రెండవ ప్రపంచయుద్ధంలో బెర్లిన్ నగరంతో బాటు ఆ చిత్రం మూల నెగటివు కూడా నశించింది. లండన్‌లో భద్రపరచిన ఒక పాత ప్రింటు మిగిలి ఉన్నందున, దాని ఆధారంగా 1999 నాటికి చిత్రాన్ని రంగులతో సహా పునరుద్ధరించగలిగారు. ఒక్క ప్రింటును ఒక్కచోట ఎవరో జాగ్రత్త చేశారు. తక్కినదంతా దాని పుణ్యమే.

మన దేశంలో ఇటువంటి పుణ్యం చాలా తక్కువ చిత్రాలకు దక్కింది. దాదాసాహెబ్ ఫాల్కే 1915లో అగ్గిపుల్లలను కదిలించి ఒక చిట్టి చిత్రం తీశారు. అది ఈనాడు లేదు. 1934లో కలకత్తా న్యూ థియేటర్స్ వారు గుణమయ బెనర్జీ చేత ‘ది పీ బ్రదర్స్’ తీయించారు. ఆ చిత్రం పేరే తప్ప ఊరు మిగలలేదు. చిన్న చిత్రాల మాట అట్లుండనిండు. మన కళాశాల రెండు భాషలనే తీసుకొందాము. హిందుస్తానీలో తొలి టాకీ ‘ఆలం ఆరా’ 1931లో వచ్చింది. తెలుగులో తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932లో వచ్చింది. ఈ రెండింటి ప్రతులూ నేడు లభ్యం కావు. రెండు భాషలు మొదటిసారి తెరపై పలికిన పలుకును రెండు భాషల వారమూ పోగొట్టుకొన్నాము. ఇందుకు శత్రుసేనలు దండెత్తి రాలేదు. ఆడిన సినిమాతో ఇక పనేమున్నదనే మన ఉదాసీనతే చాలింది. పాత ప్రింట్లను కరిగించి వెండి తీసి అమ్ముకొన్న కాలం మనది.

స్వాతంత్ర్యానంతరం పరిస్థితి కొంత మెరుగుపడింది. 1948లో ఏర్పడిన ఫిలిమ్స్ డివిజన్ బొంబాయిలో కార్టూన్ విభాగాన్ని నెలకొల్పింది. భారతదేశంలోనే పుట్టి, డిస్నీ సంస్థలో పనిచేసిన క్లెయిర్ వీక్స్ 1956లో వచ్చి మన చిత్రకారులకు శిక్షణ ఇచ్చారు. ఆ శిక్షణ ఫలితంగా 1957లో ‘ది బనియన్ డీర్’ అనే చిట్టి చిత్రం వెలువడింది. అది జాతక కథ. గర్భిణియైన లేడికి బదులుగా తన మెడను కత్తికి అప్పగించడానికి సిద్ధపడిన మృగరాజును చూసి, వేటాడే రాజు మనసు మారడం అందులోని ఇతివృత్తం. అజంతా చిత్రాల రేఖలు అందులో కదులుతాయి. ఆ బృందంలో శిక్షణ పొందిన రామ్‌మోహన్ తరువాత దేశంలో ఈ కళకు పెద్దదిక్కయ్యారు. చెకోస్లొవేకియాలో యిర్షీ త్రిన్‌కా వద్ద నేర్చుకొని వచ్చిన ప్రమోద్ పతి 1972లో ‘ఆబిద్’ తీశారు. అందులో ఆబిద్ సూర్తి అనే చిత్రకారుడే బొమ్మయై, గదినంతా రంగులతో నింపుతూ ఫ్రేము ఫ్రేముకూ ఉలికిపడుతూ కదులుతాడు. బొమ్మకు ప్రాణం పోయడం అందరూ చేసేదే. ప్రాణమున్నవానిని బొమ్మగా మార్చి చూపడం ఆయన చమత్కారం.

1974లో విజయా ములే దర్శకత్వంలో, భీమ్‌సేన్ బొమ్మలతో వచ్చిన ‘ఏక్ అనేక్ ఔర్ ఏకతా’ మరొకటి. దూరదర్శన్ చూసి పెరిగిన తరానికి దానిని పరిచయం చేయనక్కరలేదు. వలలో చిక్కిన పక్షులన్నీ ఒక్కసారిగా ఎగిరి వలనే ఎత్తుకొనిపోతాయి. ఎలుకలు వల కొరికి విడిపిస్తాయి. చిన్నయసూరి నీతిచంద్రికలో చిత్రగ్రీవుని కథ చదివిన తెలుగు విద్యార్థి ఆ పక్షులను చూడగానే గుర్తుపడతాడు. 1853లో అచ్చయిన గ్రంథంలోని పావురాలు నూట ఇరవై ఏండ్ల తరువాత తెరమీద రెక్క విప్పాయి. దేశమంతా ఒకటే అన్న మాటను ఉపన్యాసాలు గంటల కొద్దీ చెప్పినా ఎక్కని చోట, ఏడు నిమిషాల బొమ్మలు ఎక్కించాయి.

ఇక సేకరణ సంగతి. అమెరికాలో ఒకప్పుడు స్టూడియోలు గీసిన సెల్యులాయిడ్ రేకులను కడిగి మళ్లీ వాడుకొనేవి. కొన్నింటిని చెత్తలో పారవేసేవి. 1938లో శాన్ ఫ్రాన్సిస్కోలోని కూర్వాజియే చిత్రశాల డిస్నీ రేకులను కళాఖండాలుగా అమ్మడం మొదలుపెట్టింది. తరువాతి కాలంలో డిస్నీలాండ్ దుకాణాలలో చిల్లర ధరకు దొరికిన రేకులు నేడు వేలం పాటలలో మహార్ఘమైనాయి. ఒకనాడు చెత్తకుండీకి పోయినదే నేడు ఇనప్పెట్టెకు చేరింది. దీనిని చూసి సంతోషించేవారున్నారు. నాకు మాత్రం పూర్తి సంతోషం కలగదు. ఒక్క రేకు కదలదు. వేయి రేకులలో ఒకటి ఒకరింటి గోడకు, మరొకటి మరొకరింటి గోడకు చేరితే బొమ్మ మిగిలింది గాని ఆట పోయింది. మన తోలుబొమ్మలకు పట్టిన గతీ ఇదే. ఆట కట్టేవారు కరువై, రావణుడు ఒకరి డ్రాయింగు రూములో, సీత మరొకరి డ్రాయింగు రూములో వేలాడుతున్నారు. కొత్తగా చేసే తోలు దీపాల గొడుగులవుతున్నది. కళాకారుని పొట్ట నింపుతున్నది గనుక ఆ దీపపు గొడుగును నేను నిందించను. కాని గొడుగులు అమ్ముడుపోతున్నాయి గనుక కళ బతికే ఉన్నదని భ్రమపడరాదు.

కనుక సేకరణ రెండు విధాలు: సొమ్ముగా దాచుకొనేది ఒకటి, విత్తనంగా దాచుకొనేది మరొకటి. సొమ్మును పెట్టెలో పెట్టి తాళం వేస్తాము. విత్తనాన్ని ఏటా నేలలో వేసి, పంట తీసి, మళ్లీ దాస్తాము. కళాశాలకు తగినది రెండవది.

ఈ ప్రతిపాదనకు వచ్చే ఆక్షేపణలు నేనెరుగుదును. అన్నీ ఇంటర్నెట్‌లో ఉన్నాయి గదా, దాచడమెందుకు అన్నది మొదటిది. ఫిలిమ్స్ డివిజన్ చిత్రాలనేకం అక్కడ చూడవచ్చునన్నది నిజమే. కాని అక్కడ సాధారణంగా దొరికేవి హిందీ, ఇంగ్లీషు ప్రతులు. ఈ చిత్రాలు ఒకప్పుడు తెలుగు సహా అనేక భారతీయ భాషల వ్యాఖ్యానంతో సినిమాహాళ్లలో అసలు సినిమాకు ముందు ఆడాయి. వేరుశనగకాయలు ఒలుచుకొంటూ మన తాతలు విన్న ఆ తెలుగు గొంతులు ఎక్కడ? రీలు కూడా రాయి కాదు. అసిటేట్ ఫిల్ము వేడికి, తేమకు కుళ్లి సిర్కా వాసన కొడుతుంది, ముడుచుకొని పెళుసెక్కుతుంది. ఈస్ట్‌మన్ రంగుల ప్రింట్లలో నీలం, ఆకుపచ్చ వెలిసి చివరకు అంతా ఎరుపెక్కుతుంది. 1951కి పూర్వపు నైట్రేట్ ఫిల్ము నిప్పు సోకితే ఆరదు. 2003 జనవరిలో పుణెలో జరిగిన అగ్నిప్రమాదంలో ఎన్నో పాత నైట్రేట్ చిత్రాలు బూడిదయ్యాయి. ఫిలిమ్స్ డివిజన్, 1964లో స్థాపితమైన జాతీయ ఫిల్మ్ ఆర్కైవు, బాలల చిత్ర సమితి, ఈ మూడింటి బాధ్యతలనూ 2022లో జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థకు అప్పగించారు. పెద్ద సంస్థ పెద్ద చిత్రాలను చూసుకొంటుంది. మన ప్రాంతపు చిన్న గొంతును మనమే చూసుకోవాలి.

పాత చిత్రాలలో తప్పుడు భావాలున్నవన్నది రెండవ ఆక్షేపణ. ఇది బరువైన మాట. టామ్ అండ్ జెర్రీ తొలి చిత్రాలలో నల్లజాతి పనిమనిషిని చూపిన తీరు, ఆనాటి మరెన్నో అమెరికన్ కార్టూన్లలో ఇతర జాతుల ముఖాలను వికారంగా గీసి నవ్వించిన తీరు క్షమార్హం కాదు. అల్పసంఖ్యాకుల విద్యాసంస్థలో చదివే మనకు ఈ బాధ మరొకరు చెప్పనక్కరలేదు. ఒక గడ్డాన్ని, ఒక టోపీని, ఒక యాసను చూపి హాలంతా నవ్వినప్పుడు నవ్వలేక కూర్చున్నవాని మనఃస్థితి ఎటువంటిదో మనలో పలువురికి తెలుసు. అయినా తప్పును తగులబెడితే తప్పు జరిగిన సాక్ష్యం కూడా తగులబడుతుంది. వాటిని దాచాలి, కాని ముందు నాలుగు మాటలు వివరించి చూపాలి. పసిపిల్లలకు వినోదంగా గాక, ఎదిగిన విద్యార్థులకు పాఠంగా చూపాలి.

ఉద్యోగానికి ఇది ఉపకరించదన్నది మూడవ ఆక్షేపణ. హైదరాబాదులో యానిమేషన్ సంస్థలు పెరిగి వేలమందికి బతుకుతెరువైనాయి. 2008లో మొదలైన ‘ఛోటా భీమ్’ అక్కడి గ్రీన్ గోల్డ్ సంస్థ సృష్టియే. మన విద్యార్థులు కంప్యూటరు మీద బొమ్మ కదిలించడం నేర్చి ఆ సంస్థల తలుపులు తట్టుతున్నారు. మీట నొక్కడం ఎవరైనా నేర్పుతారు. ఏ క్షణాన కదిలించాలో, ఏ క్షణాన ఆపాలో నేర్పేవి పాత చిత్రాలే. పోతన చదవనివాడు పద్యం రాయబూనడం ఎట్టిదో, పాత కార్టూన్ చూడనివాడు కొత్త కార్టూన్ చేయబూనడం అట్టిదే.

ఇంతకూ మన ఊరు మనకొక గొప్ప పాఠం చెప్పే ఉన్నది. తాళ్లపాక అన్నమాచార్యుల సంకీర్తనలను కుమారుడు పెదతిరుమలాచార్యులు రాగిరేకులపై చెక్కించి, తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండారంలో భద్రపరిచారు. శతాబ్దాలు గడిచిన తరువాత, 1920ల నుండి పండితులు వాటిని వెలికితీసి చదివారు. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి పెద్దల కృషితో అవి లోకానికి అందాయి. రాగిరేకులే లేకుంటే అన్నమయ్య మనకు ఒక పేరుగా మాత్రమే మిగిలేవాడు. అయితే అందులో మరొక సంగతి ఉన్నది. రేకులపై పాట పైన రాగం పేరున్నది గాని, పాడవలసిన వరస లేదు. మాట దక్కింది, అన్నమయ్య గొంతెత్తి పాడిన బాణీ దక్కలేదు. నేడు మనం వినే వరసలు చాలావరకు తరువాతివారు కూర్చినవి. మాటను లోహంమీద చెక్కగలిగారు, ధ్వనిని చెక్కే సాధనం ఆ కాలానికి లేదు. వారిని తప్పుపట్టడానికి వీలులేదు. మనకు ఆ సాధనమున్నది. ఉండి కూడా బొమ్మను దాచి, తెలుగు గొంతును పోగొట్టుకొంటే రేపటివారు మనలను ఏమనుకొంటారు?

కళాశాల కార్యవర్గం పెద్దలకు నా విన్నపాలు కొన్ని ఉన్నాయి. ఇవి ఖర్చుతో కూడినవి కావు. గ్రంథాలయంలో ఒక బీరువా, ఒక రిజిస్టరు కేటాయించండి. విద్యార్థులు తమ ఇండ్లలో, బంధువుల ఇండ్లలో, మూతపడిన సినిమాహాళ్ల పాత సామానులో ఉన్న రీళ్లు, వీడియో క్యాసెట్లు, స్లైడ్లు, పాత కార్టూన్ చిత్రాల పోస్టర్లు తెచ్చి ఇస్తే, ఇచ్చినవారి పేరుతో నమోదు చేయండి. నైట్రేట్ రీలు ఏదైనా దొరికితే దానిని మాత్రం కళాశాలలో ఉంచక పుణె ఆర్కైవుకు తెలియజేయండి, అది ప్రాణాపాయం. ప్రొజెక్టరు నడిపిన పాత ఆపరేటర్లను పిలిపించి, ఏ చిత్రాలు ఆడేవో, తెలుగు వ్యాఖ్యానం ఎట్లుండేదో చెప్పించి ధ్వనిముద్రణ చేయించండి. తోలుబొమ్మలు కొనదలిస్తే గోడ అలంకారానికి ఒక్కటి కొనకండి. ఒక ఘట్టానికి కావలసిన బొమ్మలన్నీ కొని, ఏడాదికొకసారి ఆ కళాకారులనే పిలిచి ఆడించండి.

అన్నింటికంటె ముఖ్యమైనది ఒకటి. మన చట్టం ప్రకారం చలనచిత్రంపై హక్కు అది వెలువడిన మరుసటి ఏడాది మొదలుకొని 60 ఏండ్లు ఉంటుంది. 1957 నాటి ‘ది బనియన్ డీర్’ పై ఆ గడువు 2017తో ముగిసింది. అది ఇప్పుడు ప్రజలందరి సొత్తు. మన తెలుగు శాఖ విద్యార్థులు దానికి తెలుగు వ్యాఖ్యానం, ఉర్దూ శాఖ విద్యార్థులు ఉర్దూ వ్యాఖ్యానం రాసి, తమ గొంతులతో పలికి, వార్షికోత్సవం నాడు ఒకే తెరపై ఒకదాని తరువాత ఒకటి ప్రదర్శించవచ్చు. పోయిన గొంతును తిరిగి తేలేము. కొత్త గొంతును ఇవ్వగలము. తెలుగువారు తెలుగులో రాసి ఉర్దూవారికి వినిపించి, ఉర్దూవారు ఉర్దూలో రాసి తెలుగువారికి వినిపించి, అర్థం కాని చోట ఒకరినొకరు అడిగి తెలుసుకొంటే, ఏ ఐక్యతా సభ వల్లనూ కలగనంత చెలిమి కలుగుతుంది.

విద్యార్థి మిత్రులారా! సేకరణ అంటే డబ్బున్నవారి వ్యసనమని భయపడవద్దు. వేలం పాటలో పాడవలసిన పనిలేదు. మీ పెదనాన్నగారి అటక మీద, మీ ఖాలాజాన్ గారి ట్రంకు పెట్టెలో దుమ్ముకొట్టుకొని ఉన్న ఒక రేకు డబ్బాను తెరిచి చూడడమే మొదటి మెట్టు. అందులో సిర్కా వాసన వస్తే రీలు ఇంకా చచ్చిపోలేదని, చావడానికి సిద్ధంగా ఉన్నదని అర్థం. ఆ వాసన వచ్చిన తరువాత రేపు చూద్దామని మూత పెట్టకండి.